కెనాన్ 5డీ మార్క్ 2 కొనాలా, నికాన్ డీ700 కొనాలా? 2008 నాటి కెమెరాతో ఇవాళ పెళ్లి ఫొటోలు తీయొచ్చా?

ఈ ఎపిసోడ్ అసలు నా లిస్టులోనే లేదు. పోయిన నెల మా బాబాయి కొడుకు కరీంనగర్ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, కెమెరా కొనాలె. నలభై వేలున్నయ్. నువ్వే చెప్పాలె" అన్నాడు. ఆ నలభై వేలు ఎలా వచ్చాయో నాకు తెలుసు. ఏడాది పాటు ఎండలో, వానలో బండి మీద పార్సిళ్లు ఇచ్చి దాచుకున్న డబ్బు. వాళ్ల ఊళ్లో ఒక స్టూడియో అన్న, "సొంత కెమెరా ఉంటే రా, పెళ్లిళ్లకి సెకండ్ కెమెరా నీకే ఇస్తా, రోజుకి పదిహేను వందలు" అన్నాడట. బాబాయికి ఇంకా చెప్పలేదు. కెమెరా సరిగ్గా లేకపోతే ఇంకోటి కొనడానికి వీడి దగ్గర డబ్బు లేదు. ఇంట్లో అడిగే మొహమూ లేదు.

కాబట్టి ఇది "ఏ కెమెరా గొప్ప" అనే వీడియో కాదు. సెకండ్ హ్యాండ్‌లో దొరికిన రెండు కెమెరాల్లో వాడికి ఏది పనికొస్తుంది అనేదే ప్రశ్న. ఒకటి కెనాన్ 5డీ మార్క్ 2. రెండోది నికాన్ డీ700. రెండూ 2008లోనే వచ్చాయి. డీ700 జూలైలో ప్రకటించారు, 5డీ మార్క్ 2 సెప్టెంబర్‌లో. రెండూ ఫుల్ ఫ్రేమ్. ఒకటి 26 వేలు, ఇంకోటి 27 వేలు చెప్పారు. రేటు దాదాపు ఒకటే కాబట్టి మన తలనొప్పి ఇంకా పెరిగింది.

ముందు ఒక డౌట్ తీర్చేద్దాం. కామెంట్లలో గ్యారంటీగా వస్తుంది: "బ్రో, నా ఫోన్‌లో 200 మెగాపిక్సెల్ ఉంది, ఈ పాత డబ్బా ఎందుకు?" ఫుల్ ఫ్రేమ్ అంటే సెన్సర్ సైజు సుమారు 36 x 24 మిల్లీమీటర్లు. ఇప్పుడు కొన్ని ఖరీదైన ఫోన్లలో 'ఒక ఇంచు సెన్సర్' అని గొప్పగా చెప్పుకుంటున్నారు కదా, దాని అసలు సైజు 13.2 x 8.8 మిల్లీమీటర్లు. లెక్క వేసుకోండి, ఫుల్ ఫ్రేమ్ దానికి ఏడు రెట్ల కంటే పెద్దది. వానలో గ్లాసు పెట్టడానికీ బకెట్ పెట్టడానికీ ఎంత తేడానో అంత తేడా. ఫోన్ ఆ లోటుని సాఫ్ట్‌వేర్‌తో పూడ్చుకుంటుంది, పగటిపూట బాగానే పూడ్చుకుంటుంది కూడా. నేను ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి, ఫోన్ కెమెరా వెనకాల ఉండే కోడ్ మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ రాత్రి పదకొండున్నరకి ముహూర్తం, ఫంక్షన్ హాల్లో ఒక మూల మాత్రమే లైటు, పెళ్లికూతురు తలవంచుకుని ఉంది, మీరు పదడుగుల దూరంలో ఉన్నారు అనుకోండి. అక్కడ బకెట్టే కావాలి.

సరే, ఇక స్పెక్స్. కెనాన్ 21.1 మెగాపిక్సెల్, నికాన్ 12.1. మా తమ్ముడు ఇక్కడే ఆగిపోయాడు. "అన్నా, గది ఇరవై ఒకటి, గిది పన్నెండే. ఇంకేముంది?" అన్నాడు. స్పెక్స్ చూసి కెమెరా కొనడం అంటే బయోడేటా చూసి తాంబూలాలు మార్చుకున్నట్టే రా అన్నాను. వాడు నవ్వలేదు. డబ్బు వాడిది కదా.

అయినా వాడి ప్రశ్న తప్పేం కాదు, లెక్క చూద్దాం. మన పెళ్లి ఆల్బమ్‌లు ఇప్పుడు చాలావరకు 12 x 36 ఇంచుల కరిజ్మా సైజు. అంటే ఒక పేజీ 12 x 18, రెండు పేజీలు తెరిస్తే 36 ఇంచుల వెడల్పు. నికాన్ ఫొటో వెడల్పు 4256 పిక్సెల్స్. 18 ఇంచుల పేజీ మీద పరిస్తే ఇంచుకి సుమారు 236 పిక్సెల్స్ వస్తాయి. కెనాన్‌ది 5616, అంటే ఇంచుకి 312. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌లో ఆ 236 హాయిగా సరిపోతుంది. ఒకే ఫొటోని రెండు పేజీల మీదా పరిస్తే నికాన్ 118కి పడిపోతుంది, కెనాన్ 156 దగ్గర ఉంటుంది. అక్కడ కెనాన్‌దే పైచేయి. అలాగే వంద మంది ఉన్న గ్రూప్ ఫొటోలో వెనక వరసలో అత్తయ్య మొహాన్ని క్రాప్ చేయాలంటే కూడా కెనానే. కానీ సెకండ్ కెమెరా వాడు తీసేవి రెండు పేజీల ఫొటోలు కాదు. అవి మెయిన్ ఫొటోగ్రాఫర్ తీస్తాడు. వీడి పని చిన్న చిన్న క్షణాలు పట్టుకోవడం: పెళ్లికూతురు వాళ్లమ్మ కళ్లు తుడుచుకోవడం, పిల్లలు తలంబ్రాల బియ్యం దొంగిలించడం, అలాంటివి. ఒక్కోటి ఆల్బమ్‌లో పోస్ట్‌కార్డు సైజులో పడుతుంది.

ఇక వీడియో. ఇక్కడ 5డీ మార్క్ 2 చరిత్రే వేరు. ఫుల్ హెచ్‌డీ వీడియో తీసిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ అదే. అమెరికాలో 'హౌస్' అనే సీరియల్‌లో ఒక సీజన్ చివరి ఎపిసోడ్‌ని 2010లో ఈ కెమెరాతోనే తీశారు. మన దగ్గర 2011లో రామ్ గోపాల్ వర్మ 'దొంగల ముఠా' సినిమాని ఐదు రోజుల్లో తీసేశారు, అదీ కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లతోనే. అప్పట్లో షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్లకి ఈ పేరంటే ఎంత పిచ్చో, నా కాలేజీ సీనియర్లని అడగండి. డీ700లో వీడియో అసలు లేదు. బటనే లేదు.

మరి వీడియో కోసం కెనాన్ తీసుకోవాలా? ఇవాళైతే వద్దంటాను. అందులో వీడియో తీస్తుంటే మనిషి కదిలినప్పుడు ఫోకస్ దానంతట అది వెంటబడదు, లెన్స్ రింగు మీరే తిప్పాలి. ఒక్కో క్లిప్ 4 జీబీకి, అంటే సుమారు పన్నెండు నిమిషాలకి ఆగిపోతుంది. పంతులుగారు మన పన్నెండు నిమిషాల కోసం మంత్రం ఆపరు కదా. పట్టుచీర జరీ మీద, సన్నటి గళ్ల చొక్కా మీద రంగురంగుల అలలు వస్తాయి. మీ జేబులో ఉన్న ఫోన్ 4కేలో, ఫోకస్ తనే చూసుకుంటూ, వణుకు కూడా తగ్గించి తీస్తుంది. వీడియోకి ఆ కెమెరా ఒక జ్ఞాపకం, అంతే.

అసలు తేడా ఫోకస్ దగ్గర ఉంది. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఫోన్ అలవాటు ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థం కాదు. ఫోన్‌లో మొహం కనపడగానే దాని చుట్టూ ఒక చతురస్రం వస్తుంది, పని అయిపోతుంది. ఈ పాత కెమెరాల్లో కన్ను పెట్టి చూసే కిటికీలో అలాంటిదేం లేదు. చిన్న చిన్న పాయింట్లు ఉంటాయి, వాటిలో ఒకదాన్ని మీరు ఎంచుకుని కంటి మీద పెట్టాలి. కెనాన్‌లో ఇలా ఎంచుకోగలిగేవి 9. నికాన్‌లో 51.

అంకె కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. పాయింట్లలో రెండు రకాలు. ఒక రకం ఒకే దిక్కు గీతల్ని గుర్తుపడుతుంది, అడ్డగీతలో నిలువుగీతలో ఏదో ఒకటే. రెండో రకం, క్రాస్ టైప్ అంటారు, రెండు దిక్కులూ చూస్తుంది. చీకట్లో పట్టు తప్పనిది ఈ రెండో రకం. కెనాన్‌లో క్రాస్ టైప్ పాయింట్ ఒక్కటే, సరిగ్గా మధ్యలో. చుట్టూ ఉన్న ఎనిమిదీ మొదటి రకం. నికాన్‌లో మధ్య భాగంలో 15 క్రాస్ టైప్ ఉన్నాయి.

ఇది పేపర్ మీద మాట. మేం మా అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగ్‌లో, ఒక్క ట్యూబ్‌లైట్ కింద చూశాం. కెమెరాలు అమ్మేవాళ్లిద్దరూ మంచివాళ్లే, గంటసేపు పట్టుకెళ్లనిచ్చారు, ఆధార్ జిరాక్స్ పెట్టించుకుని. రెండింటికీ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సే. మా తమ్ముడు నా వైపు నడుచుకుంటూ వస్తాడు, నేను తీస్తాను. మధ్య పాయింట్‌తో రెండూ బాగానే పట్టాయి. మొహం ఫ్రేములో పక్కకి ఉండేలా పెట్టి, పక్క పాయింట్ ఎంచుకుంటే కెనాన్ అటూ ఇటూ వెతుక్కుంది. సగానికి పైగా ఫొటోలు మెత్తగా వచ్చాయి, కన్ను కాకుండా చెవి దగ్గర ఫోకస్. నికాన్‌లో కూడా కొన్ని పోయాయి, కానీ ఎక్కువ శాతం నిలబడ్డాయి.

తెలిసినవాళ్లు అంటారు: "మధ్య పాయింట్‌తో ఫోకస్ లాక్ చేసి, తర్వాత ఫ్రేమ్ జరుపుకోవచ్చు కదా." జరుపుకోవచ్చు, ఏళ్ల తరబడి ఎంతోమంది అలాగే తీశారు, అద్భుతంగా తీశారు. కానీ ఎఫ్/1.8 దగ్గర, ఒకటిన్నర మీటరు దూరంలో షార్ప్‌గా ఉండే లోతు దాదాపు పది సెంటీమీటర్లే. ఫోకస్ లాక్ చేసి మీరు ఫ్రేమ్ జరిపేలోపు పెళ్లికూతురు కాస్త ముందుకి వంగితే చాలు. అనుభవం ఉన్న చెయ్యి దాన్ని సర్దుకుంటుంది. మా వాడికి ఇంకా ఆ చెయ్యి రాలేదు.

స్పీడ్ సంగతి కూడా అక్కడే చెప్పేస్తాను. కెనాన్ సెకనుకి 3.9 ఫొటోలు, నికాన్ 5. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఆ ఒక్క ఫొటో తేడా పనికొస్తుంది.

చీకట్లో మచ్చలు, అదే నాయిస్, దాని గురించి చాలా గొడవలు జరిగాయి అప్పట్లో. డీ700 సెన్సర్ నికాన్ పెద్ద కెమెరా డీ3లో వాడిందే, పిక్సెల్స్ తక్కువ కాబట్టి ఒక్కోటి పెద్దది. కంప్యూటర్‌లో వంద శాతం జూమ్ చేస్తే నికాన్ శుభ్రంగా ఉంటుంది. కెనాన్ ఫొటోని 12 మెగాపిక్సెల్స్‌కి కుదించి పక్కన పెడితే తేడా చాలావరకు మాయమవుతుంది. మిగిలేది ఒకటే: నల్ల సూటు లాంటి చీకటి భాగాన్ని ఎడిటింగ్‌లో పైకి లాగితే కెనాన్‌లో సన్నటి గీతలు కనపడతాయి. నికాన్‌లో ఆ బెడద తక్కువ. మరోపక్క, పగటిపూట ప్రశాంతంగా నిలబెట్టి తీసిన పోర్ట్రెయిట్ అయితే కెనాన్ ఇచ్చే డీటెయిలూ, చర్మం రంగూ నాకు ఇప్పటికీ ఇష్టం. నేను నా కోసం కొనుక్కుంటే కెనానే కొంటానేమో. ఈ మాట దాచి మీకు రివ్యూ చెప్పడం బాగోదు.

ఇప్పుడు లెన్స్. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. మా వాడి ఫ్రెండ్ దగ్గర కెనాన్ 18-55 కిట్ లెన్స్ ఊరికే పడి ఉంది, "అది తగిలించేస్తా" అన్నాడు. తగలదు. అది ఈఎఫ్-ఎస్ లెన్స్, చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసింది, 5డీ మార్క్ 2కి ఎక్కదు. ఈఎఫ్ అని ఉన్నవే కావాలి. నికాన్‌లో చిన్న సెన్సర్ లెన్సులు, డీఎక్స్ అంటారు, ఎక్కుతాయి గానీ ఫొటోని మధ్యలో కోసి 5 మెగాపిక్సెల్స్ మాత్రమే ఇస్తాయి. ఆ మాత్రం దానికి ఫుల్ ఫ్రేమ్ కొనడం దేనికి? అయితే డీ700 లోపల ఫోకస్ మోటార్ ఉంది. అందుకని పాత ఏఎఫ్-డి లెన్సులు, సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికేవి, దీని మీద ఆటోఫోకస్‌తో నడుస్తాయి. నికాన్ చిన్న మోడళ్లు చాలావాటిలో ఈ మోటార్ ఉండదు.

ఇంతవరకు నికాన్ గెలుస్తోంది అనుకుంటున్నారా? నాకూ అలాగే అనిపించింది. అప్పుడు మా వాడు మెల్లగా చెప్పాడు: "స్టూడియో అన్న దగ్గర అన్నీ కెనాన్ లెన్సులే ఉన్నయ్ అన్నా." నా లెక్కంతా తలకిందులైంది. 24-105, 70-200 లాంటివి ఊరికే దొరుకుతుంటే 5డీ మార్క్ 2 బాడీ ఒక్కటే కొనుక్కుని, మిగతా డబ్బు ఇంట్లో దాచుకోవచ్చు కదా. అరగంట అదే ఖాయం అనుకున్నాం. చివరికి నేనే అన్నాను, ఒకసారి ఆయన్నే అడగరా అని. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. ఆయన నవ్వి, "అరే, పెండ్లి రోజు నా లెన్సులు నువ్వు వట్టుకుంటే, నేనేం తగిలించుకోవాలె తమ్మీ?" అన్నాడు.

నిజమే కదా. ఇద్దరూ పనిచేసేది ఒకే రోజు. ఇంత చిన్న విషయం బీటెక్ చదివిన నాకు తట్టలేదు.

ఇంకా ఆ రెండు కెమెరాల ఆరోగ్యం చూడాలి. కాగితం మీద ఏ మోడల్ గొప్పదైనా, మీ చేతికొచ్చేది పదిహేనేళ్లు దాటిన ఒక వస్తువు. రెండింటి షట్టర్‌నీ కంపెనీలు లక్షా యాభై వేల క్లిక్కుల వరకు పరీక్షించాయి. అది ఎక్స్‌పైరీ డేట్ కాదు, బండి మీటర్ లాంటిది: అంతకుముందే పోవచ్చు, తర్వాత కూడా ఏళ్లు నడవొచ్చు. కానీ పోతే కొత్త పార్టు దొరకడం కష్టం. చచ్చిపోయిన ఇంకో కెమెరా నుంచి తీసి వేయాల్సిందే.

నికాన్‌లో ఈ లెక్క చూడటం తేలిక. ప్రతి ఫొటో ఫైల్‌లోనే షట్టర్ కౌంట్ రాసి ఉంటుంది, ఒక ఫొటో తీసి షట్టర్ కౌంట్ చూపించే వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేస్తే చెప్పేస్తుంది. ఉప్పల్ దగ్గర పాస్‌పోర్ట్ ఫొటోల స్టూడియో నడిపే ఒక పెద్దాయనది ఆ డీ700. "74 వేలు ఉంటుంది బాబూ" అన్నారు, చూస్తే 74 వేల చిల్లర. 5డీ మార్క్ 2లో ఫైల్‌లో రాదు, యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. అమ్మే షాపాయన "నలభై వేలే" అన్నాడు. ల్యాప్‌టాప్ చూపించింది 1,12,000. నేను స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. "మాకూ అలాగే చెప్పి అమ్మారు సార్" అన్నాడు. నిజం కూడా కావచ్చు. ఏదైనా కేబుల్ తీసుకెళ్లడం మర్చిపోకండి.

ఇంకో రెండు చోట్ల చూడండి. రెండు కెమెరాలూ సీఎఫ్ కార్డే వాడతాయి, ఎస్‌డీ కాదు. ఆ కార్డు దూర్చే చోట లోపల సన్నటి పిన్నులుంటాయి, ఒక్కటి వంగినా అంతే సంగతులు. ఫోన్ టార్చ్ వేసి చూడాలి. అదే టార్చ్‌తో లెన్స్ లోపల బూజు ఉందేమో కూడా చూడాలి, నా మొదటి లెన్స్ నేను చూసుకోకుండా కొని ఆరు వేలు నీళ్లలో పోశాను. డీ700కి చుట్టూ ఉండే రబ్బరు ఊడి జారుతుంటుంది, అది మామూలే, అతికించుకోవచ్చు. ఆ వంకతో వెయ్యి తగ్గించమని అడిగితే, పెద్దాయన ఒప్పుకోలేదు గానీ ఒక ఎక్స్‌ట్రా బ్యాటరీ ఇచ్చారు. బ్యాటరీ విషయంలో మాత్రం కెనానే నయం. దాని ఎల్‌పీ-ఈ6 రకం బ్యాటరీలు ఆ తర్వాతి కెనాన్లలో కూడా వచ్చాయి, తేలిగ్గా దొరుకుతాయి. నికాన్ ఈఎన్-ఈఎల్3ఈకి ఒరిజినల్ వెతుక్కోవాలి.

చివరికి డీ700 తీసుకున్నాం, 27 వేలకే. 50 ఎంఎం ఎఫ్/1.8డి సెకండ్ హ్యాండ్‌లో ఐదున్నర వేలు. ఒక మామూలు కంపెనీ ఫ్లాష్ మూడు వేలు. రెండు సీఎఫ్ కార్డులు, ఫోన్‌కి కలిపే కార్డ్ రీడర్ కలిపి ఇంకో మూడు వేలు. ఈ రెండింట్లోనూ వైఫై లేదు మరి, ఫొటో ఫోన్‌లోకి రావాలంటే రీడర్ ఉండాల్సిందే. మొత్తం ముప్ఫై ఎనిమిదిన్నర వేలు. బస్ ఛార్జీకి, మా ఇద్దరి బిర్యానీకి పోను వాడి దగ్గర వెయ్యి మిగిలింది.

మొన్న వాడి మొదటి పెళ్లి అయింది, అదేలెండి, వాడు ఫొటోలు తీసిన మొదటి పెళ్లి. పొద్దున్నే ఏడుకి ఫొటోలు పంపాడు. తలంబ్రాల దగ్గర ఒకటుంది, పెళ్లికొడుకు కళ్లు మూసుకుని, గాల్లో బియ్యం, వెనకాల పెళ్లికూతురి నవ్వు. ఫోకస్ సరిగ్గా కంటి మీద. గదిలో తీసినవి మాత్రం బాగోలేదు, 50 ఎంఎంతో చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటు లేక అందరి మోచేతులూ కోసేశాడు. స్టూడియో ఎడిటర్ రెండు తిట్లు కూడా తిట్టాడట. ఒకటి, కెనాన్ ఫొటోల పక్కన వీడివి రంగు తేడాగా ఉన్నాయని. దానికి రా ఫార్మాట్‌లో తియ్యి, మెయిన్ కెమెరా వైట్ బ్యాలెన్స్ ఎంత పెట్టారో అడిగి అదే అంకె పెట్టు అని చెప్పాను. రెండోది నా తప్పే. కెమెరాలో టైమ్ సెట్ చేయించడం మర్చిపోయాను. రెండు కెమెరాల ఫొటోలు టైమ్ ప్రకారం కలిపితే, అప్పగింతలు అయ్యాక జీలకర్ర బెల్లం వచ్చింది.

ఇప్పుడు వాడు గదుల కోసం 35 ఎంఎం ఏఎఫ్-డి లెన్స్ వెతుకుతున్నాడు. మీ దగ్గర ఉంటే చెప్పండి, బూజు లేనిది. ఆ 5డీ మార్క్ 2 ఇంకా ఆ షాపు అద్దాల్లోనే ఉంది, మొన్న అటువైపు వెళ్లినప్పుడు చూశాను. రేటు 22కి దిగింది. లోపలికి వెళ్లి, ఊరికే, ఒకసారి చేతిలో పట్టుకుని వచ్చాను.